ఇంటిపని ఎవరి పని? ఒక ఎనిమిదో తరగతి కేసు

మా ఎనిమిదో తరగతిలో లెక్కల్లో వెనకబడుతూ వచ్చిన ఒక అమ్మాయి గురించి ఈ కేసు. రాసే ముందు ఆ అమ్మాయిని, వాళ్ళమ్మని అడిగాను. ఇద్దరూ సరేనన్నారు. గుర్తుపట్టే వీలున్న వివరాలు తీసేశాను, ఒకటి రెండు మార్చాను. మార్కులు, నిమిషాలు మాత్రం నా నోట్‌బుక్‌లో ఉన్నవే. నేను ఆ తరగతికి లెక్కలు చెప్తాను, క్లాస్ టీచర్‌ని కూడా నేనే. ఏడాదిలో నేను చేసిన పనుల్లో సగానికి పైగా బెడిసికొట్టాయి. ఎందుకు బెడిసికొట్టాయో తేల్చుకోవడానికే ఎక్కువ కాలం పట్టింది కాబట్టి ఇక్కడా వాటికే ఎక్కువ చోటిస్తున్నాను.

స్టాఫ్‌రూంలో అన్న మాట

పదమూడేళ్ళ పిల్ల. లెక్కల్లో ఆరో తరగతి చివర 64, ఏడు చివర 47, ఎనిమిది మొదటి పరీక్షలో 31. రోజూ బడికి వస్తుంది, కాకపోతే వారంలో మూడు రోజులు ఆలస్యం. హోంవర్క్ ఐదు రోజుల్లో రెండు రోజులు చేస్తే గొప్ప. మొదటి పీరియడ్‌లో కళ్ళు వాలిపోతుంటాయి. తండ్రికి వేరే ఊళ్ళో పని, నెలకోసారి వస్తాడు. తల్లి ఇంట్లోనే బట్టలు కుడుతుంది, పీసుకింత అని. ఆరేళ్ళ తమ్ముడు, రెండున్నరేళ్ళ చెల్లి. కేసు మొదలుపెట్టేనాటికి నాకు తెలిసింది ఇంతే, అదీ అడ్మిషన్ ఫారం చూసి.

ఒక సంగతి మాత్రం దేనితోనూ అతకలేదు. నోటితో అడిగితే ఆ అమ్మాయి జవాబు టక్కున చెప్తుంది. ముప్పావులో మూడో వంతు ఎంత అంటే, మిగతావాళ్ళు పెన్ను మూత తీసేలోపు ‘పావు’ అంటుంది. అదే ప్రశ్న పేపర్ మీద వస్తే ఒక్క అంకె రాసి ఊరుకుంటుంది, లేదంటే మొదలుపెట్టి వదిలేస్తుంది. దశలు రాయలేదని మేము మార్కులు కోస్తాం.

స్టాఫ్‌రూంలో ఆ పిల్ల పేరు వచ్చినప్పుడల్లా రెండు మాటలు వినిపించేవి. ఒకటి, శ్రద్ధ లేదు. రెండోది, ఇంట్లో చదువుకునే వాతావరణం లేదు. రెండోది నేనూ అన్నాను, ఒకసారి కాదు. అనడానికి అది సానుభూతిలా ఉంటుంది. కానీ ఆ మాట అనేశాక ఇక ఎవరూ ఏమీ చెయ్యక్కర్లేదు. ఇల్లు మన చేతిలో లేదు, ఫైలు మూసేయొచ్చు.

దానికి చదువుకున్నవాళ్ళ దన్ను కూడా ఉందనుకునేదాన్ని. అమెరికాలో జేమ్స్ కోల్‌మన్ బృందం 6 లక్షలకు పైగా విద్యార్థుల వివరాలు తీసుకుని 1966లో ఇచ్చిన నివేదిక గురించి ట్రైనింగ్‌లో చదువుకున్నాం. పిల్లల మార్కుల్లో తేడాలను బడి వనరుల కంటే కుటుంబ నేపథ్యమే ఎక్కువగా వివరిస్తుందన్నది అందులోని ప్రసిద్ధమైన మాట. నా బుర్రలో అది ‘ఇల్లే అంతా’ అని మిగిలిపోయింది. 1983లో హైన్‌మన్, లాక్స్‌లీ అనే పరిశోధకులు 29 దేశాల లెక్కలు పక్కపక్కన పెట్టి, పేద దేశాల్లో బడి, టీచర్ నాణ్యత ప్రభావం బాగా ఎక్కువని చూపించారు. ఇది కూడా చదివాను. గుర్తు పెట్టుకోలేదు, నాకు ఇబ్బందిగా ఉంటుంది కాబట్టి కాబోలు. ఇంకో ముఖ్యమైన సంగతి చాలా ఆలస్యంగా తట్టింది. కోల్‌మన్ మాట బడికీ బడికీ మధ్య తేడా గురించి. బడులన్నీ ఒకే తీరున పాఠంలో సగం ఇంటికి పంపుతుంటే, వాటి మధ్య తేడా ఎక్కడ కనిపిస్తుంది? కనిపించేది ఇళ్ళ మధ్య తేడానే. ఈ ముక్క ఈ కేసు సగం నడిచాక అర్థమైంది.

తల్లిని పిలిపించాను

మొదటి అడుగు అందరూ వేసేదే. అమ్మాయి వెనకబడుతున్నట్టు ఇంట్లో తెలియదేమో, తెలిస్తే సర్దుకుంటారేమో అనుకున్నాను. డైరీలో రాసి పంపాను. వారమైనా జవాబు లేదు. పట్టించుకోవట్లేదు అనుకున్నాను. పిల్లతో కబురు పెడితే మర్నాడే వచ్చింది.

ఆవిడ కుర్చీ అంచున కూర్చుంది. నేను ఇరవై నిమిషాలు మాట్లాడాను. మార్కులు చూపించాను, రోజూ గంటైనా కూర్చోబెట్టమన్నాను. ‘అట్లాగే టీచరమ్మా’ తప్ప ఆవిడ నోట మరో మాట రాలేదు. నేను దాన్ని ఒప్పుకోవడం అనుకున్నాను. ఆ పూట కుట్టు ఆగిపోయిందని, ఇచ్చిన మాట తప్పినందుకు ఒక పార్టీ గుడ్డ వెనక్కి తీసుకుపోయిందని తర్వాతెప్పుడో తెలిసింది.

మరుసటి వారం హోంవర్క్ ఐదు రోజులూ వచ్చింది. మూడు రోజులు సంతోషంగానే ఉన్నాను. నాలుగో రోజు ఏడు ఎనిమిదులు యాభై నాలుగు అని రాసిన తప్పు రెండు నోట్‌బుక్కుల్లో ఒకే చోట కనిపించింది. బడి గంట కొట్టేముందు పక్క పిల్ల దగ్గర ఎత్తి రాస్తోందన్నమాట. ఇంట్లో తిట్లు పడ్డాయి, పడకుండా ఉండే దారి ఆ అమ్మాయి వెతుక్కుంది. నేను అడిగింది నిండిన పేజీ. తెచ్చి ఇచ్చింది.

శిక్షించాలా వద్దా అని ఆలోచించాను. వద్దనుకున్నాను, దయతో కాదు. శిక్షిస్తే ఇంకా జాగ్రత్తగా ఎత్తి రాస్తుంది, అప్పుడు నాకు ఆ తప్పు కూడా కనిపించదు.

సాయంత్రం క్లాసు పెట్టాను

ఇంట్లో కుదరదు కదా, బడిలోనే గంట కూర్చోబెడదాం అనుకున్నాను. ఇందులోనూ తర్కం ఉంది. చోటు, వెలుతురు, అడిగితే చెప్పే మనిషి, మూడూ బడిలో దొరుకుతాయి. ఆరుగురు పిల్లలతో మొదలైంది. ఆ అమ్మాయి నాలుగు రోజులు వచ్చింది. ఆ నాలుగు రోజులూ రాత చూసి ఆశ పుట్టింది. ఐదో రోజు నుంచి రాలేదు. అడిగితే కడుపునొప్పి, తలనొప్పి. ఇంత కష్టపడుతున్నా విలువ లేదని నాకు కోపం వచ్చిన మాట నిజం.

అసలు కారణం తర్వాత ఒక్కో ముక్కగా బయటపడింది. సాయంత్రం ఆ గంటలోనే తల్లి కుట్టు పని చురుగ్గా సాగేది. ఎందుకంటే ఆ గంటలో అమ్మాయి ఇంటికొచ్చి చెల్లిని ఎత్తుకుంటుంది. సూది, కత్తెర, తిరిగే చక్రం ఉన్న చోట రెండున్నరేళ్ళ పిల్లని వదిలి మిషన్ తొక్కలేరు. అమ్మాయి నా దగ్గర ఉండిపోతే ఆ గంట కుట్టు రాత్రికి జరుగుతుంది. కుట్టు రాత్రికి జరిగితే కాజాలు, హుక్కులు, హెమ్మింగు ఇంకా పొద్దుపోయాక మొదలవుతాయి, అవి ఈ అమ్మాయి పని. అంటే నేను ఇచ్చిన గంట చదువు తన నిద్రలోంచి కోసి ఇచ్చినదే. ఆ నాలుగు రోజుల్లో రెండు రోజులు మొదటి పీరియడ్‌లో బెంచీ మీద తల వాల్చి నిద్రపోయిందని నా రిజిస్టర్‌లో నా చేతిరాతే ఉంది. ఆ రెండిటినీ కలిపి చూడలేదు.

నిన్నటి రోజు

ఇక్కడ ఆగాను. రెండుసార్లు ఊహ మీద పని చేశాను, రెండుసార్లూ ఖర్చు ఆ ఇంటి మీదే పడింది. మూడో ఊహ కట్టే ముందు అసలు ఆ పిల్ల రోజు ఎలా నడుస్తుందో చూడాలి. ఇంటికి వెళ్ళడం ఒక దారి. వెళ్ళలేదు. మొదటిసారి పిలిపించినప్పుడు తిట్లు పడ్డాయి, ఈసారి గుమ్మంలో నిలబడితే ఇంకా పెద్ద గొడవనుకుంటారు.

తరగతి మొత్తానికీ ఒక పని ఇచ్చాను. నిన్న నిద్ర లేచింది మొదలు పడుకునే దాకా అరగంటకో గడి చొప్పున ఏం చేశారో రాయండి, తర్వాత దానితో గ్రాఫు గీద్దాం అన్నాను. చెప్పకూడదనుకున్న గడిలో గీత పెట్టుకోవచ్చు. నా రోజు నేనే ముందు బోర్డు మీద రాశాను, వాళ్ళ మీద నిఘాలా ఉండకూడదని. అలా రాస్తూ ఉంటే ఒక గడి దగ్గర చెయ్యి ఆగింది. ‘ఏడున్నర: మా అబ్బాయి లెక్కలు.’ మా అబ్బాయికి ఇంట్లోనే లెక్కల టీచర్ ఉంది. వాడికి వచ్చే 90ల్లో ఆ గడి వాటా ఎంతో నన్ను నేనెప్పుడూ అడగలేదు.

ఆ అమ్మాయి కాగితం ప్రకారం 4:45కి లేచింది. నీళ్ళు, వంటలో సాయం, తమ్ముణ్ణి తయారు చేయడం, చెల్లిని ఆడించడం. బడి నుంచి వచ్చాక చెల్లి, తర్వాత సామాన్లు తోమడం, తర్వాత హుక్కులు. పడుకునేసరికి 10:45. ఆరు గంటల నిద్ర. 13 నుంచి 18 ఏళ్ళ వాళ్ళకి 8 నుంచి 10 గంటలు కావాలని అమెరికా నిద్ర వైద్యుల సంఘం 2016లో సిఫారసు చేసింది. చదువుకి మొత్తం 35 నిమిషాలు, మూడు ముక్కలుగా, అన్నిట్లోకీ పెద్ద ముక్క 15 నిమిషాలు. తరగతిలో మొదటి ర్యాంకు అమ్మాయికి ఒకేసారి గంటా యాభై నిమిషాలు.

నిమిషాల తేడా నేను ఊహించిందే. ఊహించనిది గ్రాఫు కింద అడిగిన ఒక ప్రశ్నకు వచ్చిన జవాబు. ‘హోంవర్క్‌లో తెలియనిది వస్తే ఎవరిని అడుగుతావు?’ ర్యాంకు అమ్మాయి మూడు పేర్లు రాసింది: అన్నయ్య, నాన్న, ట్యూషన్ సార్. మన అమ్మాయి ‘వదిలేస్తాను’ అని రాసింది. ఆ ఒక్క మాటే. ముప్పై ఎనిమిది కాగితాలు తిరగేస్తే అదే జవాబు, అటూ ఇటూగా, పదకొండు చోట్ల ఉంది. వాళ్ళలో కొందరు బాగా స్థితిమంతుల పిల్లలు. ఒకడికి సొంత గది, బల్ల, కంప్యూటర్ అన్నీ ఉన్నాయి, రాత్రి తొమ్మిది దాకా ఇంట్లో మనిషి లేడు.

‘వాతావరణం’ అనే మాట నాకు అప్పుడు విడిపోయింది. ఇంట్లో లేనిది ప్రేమా కాదు, చదువు మీద గౌరవమూ కాదు. లేనివి రెండు: ఇరవై నిమిషాలు తెగని సమయం, అడిగితే చెప్పే మనిషి. నేను ఇచ్చే హోంవర్క్ ఈ రెండూ ప్రతి ఇంట్లో ఉన్నాయనుకుని ఇస్తున్నది. క్లాసులో ఒక లెక్క చేసి చూపించి, దానికంటే కాస్త కష్టమైనవి ఐదు ఇంటికి పంపేదాన్ని. ఆ ‘కాస్త కష్టం’ దాటించేది నేను కాదు, ఇంట్లో ఉన్న అన్నయ్య. అన్నయ్య లేని ఇంటి పిల్లకి శ్రద్ధ లేదని రాసేదాన్ని.

బోర్డు మీద గుడ్డ

అర్థమైంది కదా అని వెంటనే మంచి పని చేశాననుకునేరు. అన్నిటికంటే పెద్ద తప్పు ఇక్కడే చేశాను.

నోటి లెక్క ఎక్కడి నుంచి వచ్చిందో ఇప్పుడు తెలిసింది. పన్నా ఇంత, పొడవు ఇంత, ముగ్గురికి ఎంత గుడ్డ పడుతుంది, ఎంత మిగులుతుంది అని రోజూ తల్లి పక్కన నిలబడి చెప్పే పిల్ల. బ్రెజిల్‌లోని రెసీఫె నగరంలో వీధుల్లో సరుకులమ్మే పిల్లల మీద 1985లో వచ్చిన ఒక చిన్న అధ్యయనం గుర్తొచ్చింది. టెరెజిన్యా కరాహెర్, ఆమె సహచరులు చేశారు. పిల్లలు ఐదుగురే. బేరం మధ్యలో అడిగిన లెక్కలు 98 శాతం సరిగ్గా చేశారు. అవే లెక్కలు మాటల రూపంలో కాగితం మీద ఇస్తే 74 శాతం, ఉత్త అంకెలుగా ఇస్తే 37 శాతం. ఆరిజోనాలో లూయిస్ మోల్ బృందం 1992లో ఇళ్ళలో ఉన్న ‘జ్ఞాన నిధుల’ గురించి రాసింది కూడా చదివి ఉన్నాను. అయితే ఇంటి జ్ఞానాన్ని క్లాసులోకి తెద్దాం అనుకుని, ఒక పీరియడ్ మొత్తం కుట్టు లెక్కలు తయారు చేశాను. బోర్డు మీద గుడ్డ బొమ్మ గీసి, టేపు పట్టుకుని, ‘ఇవి ఎవరు బాగా చెప్పగలరో నాకు తెలుసు’ అని ఆ అమ్మాయి వైపు చూసి నవ్వాను.

తల ఎత్తలేదు. ఒక్క జవాబు చెప్పలేదు. వెనక బెంచీ నుంచి ఎవడో కుట్టు మిషన్ శబ్దం చేశాడు.

గంట కొట్టాక దగ్గరికొచ్చి, ‘మా ఇంటి సంగతి నేను మీకు రాసిచ్చాను టీచర్, బోర్డుకి కాదు’ అంది. నా దగ్గర జవాబు లేదు. తప్పైందమ్మా అన్నాను. రెండు వారాలు నాతో అవసరానికి మించి మాట్లాడలేదు.

తిరిగి చూసుకుంటే, మోల్ చెప్పిన పద్ధతిలో టీచర్లు ఆ ఇళ్ళకు తామే నేర్చుకోవడానికి వెళ్ళారు, నెమ్మదిగా నమ్మకం సంపాదించారు. నేను ఒక కాగితం చదివి, అందులోది తీసి నలుగురిలో పెట్టాను. పైగా కుట్టు లెక్కలు ఆ అమ్మాయికి ముందే వచ్చు. రాని చోట సాయం కావాలిగాని, వచ్చిన చోట చప్పట్లు దేనికి? కోల్‌కతా, ఢిల్లీ బజార్లలో పనిచేసే పిల్లల మీద 2025లో ఆర్థికవేత్తలు అభిజిత్ బెనర్జీ, ఎస్తర్ డుఫ్లో, మరికొందరు ప్రచురించిన పరిశోధన కూడా ఇదే చెప్తుంది. బజారు లెక్క వచ్చిన పిల్లలకు బడి లెక్క దానంతటది రాలేదు, బడి పిల్లలకు బజారు లెక్కా రాలేదు. సందర్భం మార్చినంత మాత్రాన మధ్య వంతెన పడదు, ఆ వంతెన ఎవరో కట్టాలి.

దశలు ఎవరి కోసం

వంతెన ఎక్కడ తెగిందో ఆ అమ్మాయే చెప్పింది, అదీ వేరే మాట మీద. దశలు ఎందుకు రాయవని అడిగితే, ‘మీకు తెలుసు కదా టీచర్’ అంది. మొదట తలబిరుసు అనుకున్నాను. తర్వాత ఆలోచిస్తే అది నిజమైన సందేహం. ఇంట్లో వాళ్ళమ్మ ఎంత గుడ్డ పడుతుందని అడిగితే, ఆవిడకి నిజంగా తెలియక అడుగుతుంది. జవాబు చెప్తే పని ముందుకు సాగుతుంది. బడిలో మేము అడిగేవన్నీ మాకు తెలిసినవే. అమెరికా దక్షిణాది పల్లె కుటుంబాల మధ్య ఏళ్ళ తరబడి గడిపిన షర్లీ బ్రైస్ హీత్ 1980ల్లో రాసింది ఈ తేడా గురించే. కొన్ని ఇళ్ళలో పెద్దలు తమకు తెలిసిన సంగతే పిల్లల్ని అడిగి చెప్పిస్తుంటారు, ఇది ఏ రంగు, అది ఏం బొమ్మ అని. బడి భాష ఆ పిల్లలకు ముందే అలవాటు. మరికొన్ని ఇళ్ళలో అలాంటి ప్రశ్న అసలు ప్రశ్నే కాదు.

కాబట్టి దశలకు ఒక అవసరం కల్పించాలి, ఆమె ఇంటిని తాకకుండా. తరగతిని జతలుగా చేశాను. ఒకరు కాగితం మడిచి డబ్బా చేయాలి, ఎలా చేశారో రాయాలి. రెండోవాళ్ళు అవతలి వరసలో కూర్చుని ఆ రాత మాత్రం చూసి చేయాలి, అడగకూడదు. ఆ అమ్మాయి డబ్బా అందరికంటే ముందు, అందరికంటే నీటుగా అయింది. ఆమె రాత చూసి చేసిన డబ్బా మాత్రం చెత్తబుట్టకు కూడా పనికిరాలేదు. తన కాగితం తెచ్చుకుని చాలాసేపు చూసింది. ‘మధ్యలోది నా చేతికి తెలుసు టీచర్, కాగితానికి తెలీదు’ అంది.

అప్పటి నుంచి ‘దశలు రాయి’ అనడం మానేసి, ‘ఇక్కడ లేని మనిషికి రాయి’ అనడం మొదలుపెట్టాను. అదే మాట తరగతి మొత్తానికీ. ఆమె రాత మారడానికి ఐదారు వారాలు పట్టింది, కానీ మారింది. ఈ ఏడాదిలో నాకు పూర్తిగా నమ్మకంగా పనిచేసిందని చెప్పగలిగింది ఇదొక్కటే.

ఇంటికి ఏం పంపాలి

దీనితోపాటే హోంవర్క్ తిరగరాశాను. కొత్తది ఏదీ ఇంటికి వెళ్ళదు. క్లాసులో రెండుసార్లు చేసిన రకమే, మూడు లెక్కలు, పదిహేను నిమిషాల్లో అయ్యేవి. కష్టమైనవి పీరియడ్ చివరి ఇరవై నిమిషాల్లో, నేను బెంచీల మధ్య తిరుగుతుండగా. పదిహేను అనే అంకె ఆ అమ్మాయి కాగితంలో కనిపించిన పెద్ద ముక్క నుంచి తీసుకున్నాను.

ఆ ఒక్క పిల్లకే తగ్గించమని ఒక సహోద్యోగి సలహా ఇచ్చారు. ఒప్పుకోలేదు. ఒక్కరికి తగ్గిస్తే అది మినహాయింపు, మినహాయింపు ఇచ్చిన పిల్ల దగ్గర మనం తెలియకుండానే తక్కువ ఆశిస్తాం. బోర్డు మీద గుడ్డ గీసినందుకే ఎంతైందో చూశాను కదా. అందరికీ మార్చాను. ర్యాంకు పిల్లల ఇళ్ళ నుంచి ఫిర్యాదులు వచ్చాయి, హోంవర్క్ తగ్గిపోయిందేమిటని. వాళ్ళకి అదనపు కష్టమైన లెక్కలు ఐచ్ఛికంగా ఇచ్చాను, మార్కులు లేకుండా. సిలబస్ కూడా వెనకబడింది, దాదాపు రెండు వారాలు. సైన్స్ సార్‌కి ఈ పద్ధతి నచ్చలేదు, చివరిదాకా మార్చుకోలేదు. ఆయన వాదన కొట్టిపారేసేది కాదు: సొంతంగా తంటాలు పడటం ఎప్పుడు నేర్చుకుంటారు? తంటాలు నా ముందే పడనివ్వండి అన్నాను. మా ఇద్దరికీ ఇంకా తేలలేదు.

ఆలస్యం సంగతి చెప్పడానికి కొంచెం సిగ్గుగా ఉంది. ఆలస్యంగా వచ్చినవాళ్ళని పదిహేను నిమిషాలు గుమ్మం బయట నిలబెట్టేది నేనే. వారానికి మూడుసార్లు, అంటే 45 నిమిషాలు. మా పీరియడ్ 40. లెక్కల్లో వెనకబడిందని సాయంత్రం క్లాసు పెట్టినదాన్నే, ప్రతి వారం ఒక పీరియడ్‌కి మించి లెక్కలు ఆ అమ్మాయి చేత మాన్పించాను. లోపలికొచ్చి కూర్చోమని, రిజిస్టర్‌లో మాత్రం రాస్తానని చెప్పాను. ఆలస్యాలు తగ్గలేదు, పెరగనూ లేదు.

తల్లి చెప్పిన దారి

మళ్ళీ తల్లితో మాట్లాడాలి. ఈసారి పిలిపించలేదు. ఎప్పుడు ఫోన్ చేస్తే మీ పనికి అడ్డం కాదో చెప్పమని అమ్మాయితో అడిగించాను. మొదటి ఫోన్‌లో ఫిర్యాదు చెప్పకూడదని, ఏమీ అడగకూడదని కాగితం మీద రాసుకుని ఎదురుగా పెట్టుకున్నాను. డబ్బా సంగతి చెప్పాను, పిల్ల చెయ్యి ఎంత నీటుగా ఉందో చెప్పాను. ఆవిడ కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, ‘నాకు చదువు రాదు టీచరమ్మా, డైరీలో మీరేం రాస్తారో నాకు తెలీదు. పిల్ల చదివి చెప్తే చెప్పినట్టు, లేకపోతే లేదు’ అంది. నేను ‘పట్టించుకోవట్లేదు’ అనుకున్న వారం నాకు గుర్తొచ్చింది.

రెండో ఫోన్‌లో రోజుకి ఇరవై నిమిషాలు పిల్లని పిలవకుండా ఉండగలరా అని అడగబోయాను. ఆవిడే ముందు అడిగింది, పరీక్షలు ఎప్పుడని. ‘తేదీ పది రోజుల ముందు తెలిస్తే ఆ వారం గుడ్డ తక్కువ ఒప్పుకుంటాను. ఒప్పుకున్నాక మాత్రం నేనేం చెయ్యలేను.’ ఇంత సూటి ఏర్పాటు నాకు వంద ఏళ్ళకైనా తట్టేది కాదు. పీసు పని ఎలా నడుస్తుందో నాకు తెలియదు. పరీక్షల తేదీలు మేము పిల్లల చేత డైరీలో రాయించి, చాలనుకునేవాళ్ళం. ఆ తర్వాత ప్రతి పరీక్షకు పన్నెండు రోజుల ముందు ఆవిడకి వాయిస్ మెసేజ్ పెట్టాను. క్లాసులో మరో తొమ్మిది ఇళ్ళకి కూడా అదే వెళ్ళింది, అడిగితే తేలింది వాళ్ళకీ గొంతే కావాలని.

ఏం మారింది

లెక్కలు: 31 తర్వాత 34, ఆ తర్వాత 52, చివర 58. మధ్యలో ఒక నెల పరీక్షలో 44కి పడింది, అప్పుడు తల్లికి జ్వరం, ఇల్లంతా ఈ పిల్ల మీదే. నా ఏర్పాట్లన్నీ ఆ పదిహేను రోజులూ ఎందుకూ పనికిరాలేదు. సైన్స్ 38 నుంచి 47కి వచ్చింది, సైన్స్ సార్ పద్ధతి మార్చకుండానే. దశలు రాయడం అక్కడికీ పాకిందేమో, పరీక్ష వారంలో పని తగ్గడం వల్లనేమో. భాషా పేపర్లలో ఒక్క మార్కు కదల్లేదు. ఎక్కువసేపు తెగకుండా చదవాల్సిన సబ్జెక్టులకి పదిహేను నిమిషాల ముక్కలు సరిపోవు, అది నేను తీర్చలేదు. నిద్ర ఏడాది చివర కూడా ఆరు గంటల ఇరవై నిమిషాలే.

ఇందులో దేని వల్ల ఏది పెరిగిందో విడదీసి చెప్పలేను. నాలుగు మార్పులు ఇంచుమించు ఒకేసారి చేశాను, పోల్చడానికి ఇంకో తరగతి లేదు. ‘వదిలేస్తాను’ అని రాసిన పదకొండు మందిలో ఏడుగురికి లెక్కల్లో పదికి పైగా మార్కులు పెరిగాయి. సొంత గది, కంప్యూటర్ ఉన్న అబ్బాయి వాళ్ళలో ఒకడు. అతని పేరు మా స్టాఫ్‌రూంలో ఎప్పుడూ వినిపించలేదు. ఇల్లు బాగుంది కాబట్టి వాతావరణం ఉందనే లెక్క.

ఏడాది చివర తొమ్మిదో తరగతి టీచర్‌కి నోట్ రాయాల్సి వచ్చింది. మొదటి చిత్తులో ఇంటి సంగతంతా రాశాను: కుట్టు, చెల్లి, తండ్రి. చదివితే జాలి పుడుతుంది. జాలితో ఆవిడ కూడా బోర్డు మీద ఏదో ఒకటి గీస్తుందని భయం వేసింది. చించేసి మూడు వాక్యాలు రాశాను. దశలు కావాలంటే లేని మనిషికి రాయమనండి. కొత్త లెక్క క్లాసులో ఒకసారైనా చేయించకుండా ఇంటికి పంపకండి. పరీక్ష తేదీ వాళ్ళమ్మకి పన్నెండు రోజుల ముందు గొంతుతో చెప్పండి.

నోట్ ఇచ్చే ముందు ఆ అమ్మాయికి చూపించాను. చదివి, మూడో వాక్యంలో ‘పన్నెండు’ కొట్టేసి ‘పదిహేను’ అని రాసింది. పెళ్ళిళ్ళ కాలంలో గుడ్డ అంత ముందే వస్తుందట.